తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు

జూన్ 3, మంగళవారం

తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు. ఈ అంకెను ఇప్పటికి మూడుసార్లు రాసుకున్నాను, అయినా తనివి తీరడం లేదు. ఫోన్ వచ్చిన క్షణం నుంచి రోగి దగ్గరికి చేరేదాకా మా ట్రస్టు అంబులెన్సులు పద్నాలుగింటికీ మే నెలలో సగటున పట్టిన సమయం ఇది. జనవరిలో పద్దెనిమిది నిమిషాల అయిదు సెకన్లు ఉండేది. సగానికి సగం. మా ట్రస్టు బండ్లు నడిపే మరే జిల్లాలోనూ ఇంత తగ్గలేదు.

మా జోనల్ మేనేజర్ జైపాల్ సార్‌కు ఇంకొకరిని పొగడాలంటే పన్ను పీకించుకున్నంత బాధ. అలాంటి మనిషి స్వయంగా ఫోన్ చేసి "మంచిగ చేసినవ్ వేణుమాధవ్" అన్నాడు. ఇరవై ఏడున హైదరాబాదులో సభ. షీల్డు నా చేతికే ఇస్తారట. సీనియర్ అనలిస్టు పోస్టు కూడా ఆ వేదిక మీదే ప్రకటిస్తారట. తొమ్మిదేళ్లుగా గోదావరిఖని కంట్రోల్ రూంలో, ఫ్యాన్ గాలి తగలని మూల కూర్చుని నిమిషాలు లెక్కపెట్టాను. ఇన్నాళ్లకు గాలి ఇటు తిరిగింది.

దీనికంతటికీ మూలం ఫిబ్రవరిలో నేను చేసిన పని. ఎవరూ అనకపోతే నేనే అనుకుంటాను, నా డైరీ నా ఇష్టం. డ్రైవర్ల ఫోన్‌లో ఓ యాప్, అందులో మూడు బటన్లు. హెడ్డాఫీసు వాళ్లు వాటి మీద "బయలుదేరితిమి", "చేరుకొంటిమి", "ఎక్కించితిమి" అని రాసి పంపారు. మావాళ్లు అది చూసి హరికథ మొదలైందనుకున్నారు. మనుషులు మాట్లాడే భాషలో పెట్టండి మహాప్రభో అని ఉత్తరం రాసి, "పోతున్న", "వచ్చిన", "ఎక్కించిన" అని మార్పించింది నేనే. ఆ నెల నుంచే అంకె దిగింది. ఇంటి మాటకున్న బలం అది.

మా ఆవిడ మమత అన్నానికి పిలుస్తోంది. "వచ్చిన" అన్నాను.

ఒక్కటే మచ్చ. జలాలుద్దీన్. అందరూ ఎనిమిది, తొమ్మిది నిమిషాల్లో చేరుతుంటే ఈయనకు పదిహేడు నిమిషాల నలభై సెకన్లు. మూడు నెలలు వరసగా చివర నిలిచిన డ్రైవర్ బండి దిగిపోవాలన్నది ట్రస్టు రూలు. మార్చి, ఏప్రిల్, మే మూడూ అయిపోయాయి. ఈ నెల ఇరవై అయిదులోగా ఆ జాబితా మీద సంతకం పెట్టి పంపాల్సింది నేను. యాభై రెండేళ్ల వయసులో ఆయనకు ఇంకో బండి ఎవరిస్తారన్నది నేను ఆలోచించాల్సిన విషయం కాదు. నేను అంకెల మనిషిని.

మమత మళ్లీ పిలిచింది. "వచ్చిన అన్న కదా" అన్నాను. కొంతమందికి ఒకసారి చెబితే చాలదు.

సభకు తెల్ల చొక్కా కుట్టించాలి. ప్రసంగంలో ముందు జైపాల్ సార్ పేరు చెప్పాలా, డ్రైవర్ల పేర్లు చెప్పాలా? సార్ పేరే. డ్రైవర్లు అక్కడ ఉండరు కదా.

పప్పు గడ్డకట్టింది. మమత మాట్లాడటం లేదు. ఏమైందో తెలియదు.

జూన్ 4

తెల్ల చొక్కా వద్దన్నాడు దర్జీ. బొగ్గు దుమ్ముకు ఆరేసిన పూటే బూడిద రంగుకు వస్తుందట. అయినా తెల్లదే కుట్టమన్నాను. ఫొటోలో బాగుంటుంది.

జూన్ 6

నెలకు పదిమందికి ఫోన్ చేసి మా సేవ ఎలా ఉందో అడగాలి. అందరూ బాగుందనే అంటారు, ఎందుకంటే నేను "బాగుంది కదా" అనే అడుగుతాను. ఇవాళ తొమ్మిదిమంది అలాగే అన్నారు. పదో మనిషి సమ్మవ్వ. రామగిరి దగ్గరి పల్లె. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన ఆమె భర్త సదయ్యకు కిందటి నెల పక్షవాతం వచ్చింది. మా రికార్డు ప్రకారం బండి ఏడు నిమిషాల్లో వెళ్లింది.

"ఏడు నిమిషాలల్ల వచ్చింది కదా అవ్వా, బాగనే ఉందా?"

"ఏడా? ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

"మా కంప్యూటర్ల ఉంది."

"నీ కంప్యూటరు మా ఇంటికచ్చి చూసిందా? ఎసట్ల బియ్యం పోసిన, గప్పుడే పడిపోయిండు. పక్కింటి పిల్ల ఎంబడే ఫోన్ కొట్టింది. పొయ్యి బందు చేసే సోయి ఎవలికున్నది? అన్నం ఉడికింది, ఇగిరింది, మాడింది. ఇల్లంత పొగ. గప్పుడచ్చింది నీ బండి. జర జల్దిన తెస్తే చెయ్యి పడిపోకపోవునన్నడు డాక్టరు."

"ధన్యవాదాలు" అన్నాను. రిమార్కుల గడిలో "వృద్ధురాలు, జ్ఞాపకం సరిగా లేదు" అని రాశాను. పాపం, కంగారులో ఉన్న మనిషికి నిమిషం గంటలా ఉంటుంది.

జూన్ 7

సమ్మవ్వ గురించి ఆలోచించడం లేదు.

జూన్ 8, ఆదివారం

ఇవాళ వంట నేనే చేస్తానన్నాను. మమత అనుమానంగా చూసి, జ్వరం ఉందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఎసరు మరిగాక బియ్యం పోసి, సెల్‌లో గడియారం నొక్కి పొయ్యి ముందు కుర్చీ వేసుకున్నాను.

పద్దెనిమిది నిమిషాలకు అన్నం ఉడికింది. "ఇగ దించు" అంది మమత. ఇంకా లేదన్నాను. ఇరవై రెండుకు నీళ్లు పూర్తిగా ఇగిరాయి. "ఏంది, దిమాక్ గిట్ల ఖరాబైందా? దించు" అంది. చేత్తో ఆగమన్నాను. ఇరవై ఆరో నిమిషానికి మాడు వాసన ఇల్లంతా అల్లుకుంది. అప్పుడు దించాను.

"గీ గిన్నె ఎవరు తోముతరు?"

నేనే తోమాను. నలభై నిమిషాలు పట్టింది. తోముతూ ఆలోచిస్తే సంగతి తేలిపోయింది. సమ్మవ్వది కట్టెల పొయ్యి అయ్యుంటుంది. కట్టెల పొయ్యి మీద అన్నం ఏడు నిమిషాల్లో మాడుతుంది కాబోలు.

జూన్ 10

జలాలుద్దీన్ ఆఫీసుకు వచ్చాడు. బండి దింపేస్తారన్న కబురు ఆయనకూ చేరింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా తప్పేందో చూపియ్యిండ్రి సార్, నేర్చుకుంట. పదకొండేండ్ల సంది గీ బండే తోల్తున్న. నాకింకో పని రాదు."

టైర్లలో గాలి గురించీ, ఉదయాన్నే నిద్ర లేవడం గురించీ, ముత్యం అనే కుర్ర డ్రైవర్ను చూసి నేర్చుకోవడం గురించీ పావుగంట చెప్పాను. అన్నిటికీ తలూపాడు. ఆయన నాలుగింటికే లేస్తాడని తర్వాత గుర్తొచ్చింది.

"ఒక్కపారి నాతోని బండిల రాండ్రి సార్. యాడ లేటయితుందో మీరే చెప్పుండ్రి."

ఎందుకో కాదనలేకపోయాను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారు చూడు, ఆ సామెత పావుగంటా చెవిలో మోగుతూనే ఉంది.

జూన్ 12

జలాలుద్దీన్ బండిలో వెళ్లాను. ఇకమీద నాకు దేవుడి మీద కొత్త భక్తి. క్వార్టర్ల సందుల్లో ఆయన బండిని దారం ఎక్కించినట్టు తీసుకెళ్లాడు. కేకేస్తే పక్కకు జరగని గేదెలు కూడా ఆయన హారన్‌కు జరిగాయి. ఇంటి ముందు ఆపి, స్ట్రెచర్ దింపి, నర్సుతో పాటు లోపలికి వెళ్లి, రోగి చెయ్యి పట్టుకుని, అప్పుడు ఫోన్ తీసి "వచ్చిన" నొక్కాడు. పదహారు నిమిషాల యాభై సెకన్లు.

"జలాల్ భాయ్, గల్లీల అడుగుపెట్టంగనే నొక్కొచ్చు కదా. ఒక నిమిషం మిగిలేది" అన్నాను, ఊళ్లో తెలివంతా నా దగ్గరే ఉన్నట్టు.

"మా అబ్బాజాన్ బాయి కాడ గంట కొట్టేటోడు సార్. మనుషులు ఎక్కినంక గంట కొట్టాలె, ఎక్కుతుంటె కొట్టొద్దు. ఎక్కుతనే ఉన్నరు కద అని కొడితె ఎవని కాలో ఒకనిది పోతది. ఆయన ముప్పై ఏండ్లల్ల ఒక్క గంట ముందుగాల కొట్టలే."

బాయి అంటే ఇక్కడ బొగ్గు గని. ఆయన తండ్రి గంట కొడితేనే కింద మనుషుల్ని ఎక్కించుకున్న బండి కదిలేది. ఆయన నెమ్మది మనిషి కాదని మాత్రం ఒప్పుకోవాలి. మరి అంకె ఎందుకు నెమ్మదిగా ఉందో అంకెకే తెలియాలి.

జూన్ 16, సోమవారం

రాయాలా వద్దా అని టీ రెండుసార్లు తాగాను. రాస్తున్నాను.

ఇవాళ ముత్యం బండి ఎక్కాను. ఏడు నిమిషాల యాభై సెకన్లు, జిల్లాలో మొదటివాడు. ఆ రహస్యమేదో చూసి జలాలుద్దీన్‌కు నేర్పుదామనుకున్నాను. కాలు విరిగిన మనిషి కోసం ఫోన్ వచ్చింది, బయలుదేరాం. రైల్వే గేటు పడి ఉంది. బొగ్గు రైలు. వేరే పని లేక వ్యాగన్లు లెక్కపెడుతుంటే ముత్యం సెల్ మోగింది, రోగి ఇంటి నుంచి.

"యాడున్నరన్నా? జల్ది రాండ్రి."

"వచ్చిన చెల్లె, వచ్చిన" అని ఫోన్ పెట్టి, ముత్యం బొటనవేలితో యాప్‌లో ఒక బటన్ నొక్కాడు. గేటు ఇంకా పడే ఉంది. నాకు ముప్పై నాలుగో వ్యాగన్ దగ్గర లెక్క తప్పింది.

"ముత్యం, ఏం నొక్కినవ్?"

"వచ్చిన, సార్."

"మనం గేటు కాడున్నం."

"ఔ సార్."

"మరి రాలేదు కదా?"

"వస్తున్నం కద సార్. ఎవరన్న పిలిస్తె వచ్చిన అనే అంటం. ఇంటికాడ పిలిస్తె మీరేమంటరు?"

కళ్లు వ్యాగన్ల వైపు తిప్పుకున్నాను.

"మరి ఇంటి ముంగట బండి ఆగినంక ఏం నొక్కుతవ్?"

"ఆగినంక ఎందుకు నొక్కుడు సార్? వాళ్లకు కనపడుతనే ఉంటం కద." వాడి మొహంలో కల్మషం లేదు. నాకే బుర్ర తక్కువని జాలిపడుతున్నట్టున్నాడు.

ఆ ఇంటికి చేరేసరికి ఇంకో పది నిమిషాలు పట్టింది. రికార్డులో ఎనిమిది అని పడింది. ముత్యం ఒక్కడే ఇలా అర్థం చేసుకుని ఉంటాడు. కుర్రవాడు. ఒక్కడే.

జూన్ 17

ఒక్కడు కాదు. మిగతా పన్నెండుమందికీ ఏదో పని ఉన్నట్టు ఫోన్ చేసి, మాటల్లో పెట్టి అడిగాను. రోగి ఇంటివాళ్లు ఫోన్ చేస్తే "వచ్చిన" అంటారు, నొక్కుతారు. ఒకరు చౌరస్తాలో, ఒకరు పెట్రోల్ బంకులో, ఒకాయన చెప్పులేసుకుంటూ. మోసం చేద్దామని ఒక్కరూ అనుకోలేదు. ఆ మాటకు వాళ్ల నోట్లో ఉన్న అర్థం అది. నా నోట్లోనూ అదే అర్థం. బటన్ మీద ఆ మాట పెట్టించింది నేను, దానికి షీల్డు అందుకోబోయేదీ నేనే.

రోగి చెయ్యి పట్టుకుని నొక్కే ఒక్క మనిషినే బండి దింపబోతున్నాను.

మమతకు చెప్పాను. పాపం అంటుందనుకున్నాను. నవ్వింది. మంచం మీద పడి నవ్వింది. తర్వాత వంటింటి క్యాలెండర్ తెచ్చింది. జూన్ మూడు నుంచి నేను అన్నానికి "వచ్చిన" అన్నప్పటి నుంచి పీట మీద కూర్చునేదాకా పట్టిన నిమిషాలు తేదీల పక్కన పెన్సిల్‌తో రాసి ఉన్నాయి.

"నీ సగటు పద్దెనిమిది. నిన్ను బండి దింపాలె ముందుగాల."

జూన్ 18

తలనొప్పి. సెలవు పెట్టాను.

జూన్ 19

బండ్లకు జీపీఎస్ ఉంది. ఏ బండి ఎక్కడ ఎప్పుడు ఆగిందో అందులో పడుతుంది. రిపోర్టుకు బటన్ చాలు కాబట్టి దాన్ని ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు. అంకె అందంగా ఉన్నప్పుడు ఎవరు తెరుస్తారు? ఇవాళ తెరిచాను.

అసలు సగటు పదిహేడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. అంటే జనవరి నుంచి నేను సాధించిన ప్రగతి పదిహేడు సెకన్లు. జలాలుద్దీన్ బండి ఇంటి ముందు ఆగే సగటు పదహారున్నర. పద్నాలుగు మందిలో రెండో స్థానం. సమ్మవ్వ ఇంటికి ఆ రోజు బండి చేరింది ఇరవై ఏడో నిమిషానికి. నా కంప్యూటర్ ఏడంది. ఆమె అన్నం ఒక్క నిమిషం తేడాతో నిజం చెప్పింది.

జైపాల్ సార్‌కు ఫోన్‌లో అంతా చెప్పాను.

"ఇంకెవలికన్న చెప్పినవా?"

"లేదు సార్." మమత లెక్కలోకి రాదు.

"ఇరవై ఏడు దాక చెప్పకు. షీల్డు తీసుకున్నంక నిమ్మలంగ సదురుకుందం."

"జలాలుద్దీన్ పేరు ఇరవై అయిదుకే పోవాలె కదా సార్."

"ఒక్కని కోసం జిల్లా పేరు ఖరాబు చేస్తవా? నీ పోస్టు కూడ యాదికుంచుకో."

సార్ మాటలోనూ న్యాయం ఉంది. షీల్డు ఒక్కసారి వస్తే తర్వాత సరిదిద్దుకోవడానికి బోలెడు సమయం. జలాలుద్దీన్‌కు వేరే పని దొరుకుతుంది, మంచివాళ్లకు దొరుకుతుంది కదా. నిజంగా అలా అనుకుంటున్నాను. చొక్కా కూడా తయారైంది.

జూన్ 20

మంచివాళ్లకు పనులు దొరకడం నేనెక్కడ చూశాను?

జూన్ 22, ఆదివారం

సమ్మవ్వ ఇంటికి వెళ్లాను. ఎందుకంటే ఏం చెప్పను, రిమార్కుల గడిలో రాసిన ముక్క నాలుగు రోజులుగా వెంటాడుతోంది. క్షమించమని అడిగేస్తే మనసు తేలికవుతుంది, ఆ తేలిక మనసుతో హైదరాబాద్ వెళ్లొచ్చు. ఉన్నమాట ఇది.

సదయ్య అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువులా పడి ఉంది. ఎడం చేత్తో చాయ్ తాగడం నేర్చుకుంటున్నాడు, సగం లుంగీ మీద పోతోంది. ముప్పై అయిదేళ్లు తట్ట మోసిన చెయ్యి అది. సమ్మవ్వది కట్టెల పొయ్యి కాదు. గ్యాస్.

"అవ్వా, ఆనాడు నువ్వు చెప్పిందే నిజం. బండి ఇరవై ఏడు నిమిషాలకు వచ్చింది. నేనే తప్పు రాసిన" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె లుంగీ తుడుస్తూనే ఉంది.

"నాకెందుకు చెప్తవ్ బిడ్డా? నాకెర్కనే కద. ఎర్కలేనోళ్లకు చెప్పు."

చాయ్ ఇచ్చింది. తాగాను. దారిలో బస్సులో కళ్లు తుడుచుకుంటే పక్కాయన బొగ్గు దుమ్మని కిటికీ మూశాడు.

జూన్ 23

పంపేశాను. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలల అసలు లెక్క, జీపీఎస్‌తో సహా, నేరుగా హెడ్డాఫీసుకు. సమ్మవ్వ పేరు పక్కన రిమార్కు మార్చాను: "ఈమె చెప్పింది సరైనది."

బండి దింపాల్సినవారి జాబితా కూడా నింపాను. పేరు: వేణుమాధవ్. హోదా: డేటా అనలిస్టు. కారణం: బటన్ మీద తప్పు మాట పెట్టించడం, వచ్చిన అంకె నచ్చి నాలుగు నెలలు తరచి చూడకపోవడం.

భయంగా ఉంది, దాచుకోవడం ఎందుకు. మమత ఫ్యాన్ నా వైపు తిప్పింది.

జూన్ 24

జైపాల్ సార్ మూడుసార్లు ఫోన్. మొదటిసారి తిట్టాడు. రెండోసారి "కూసున్న కొమ్మ నరుక్కున్నవ్ కదనయ్యా" అన్నాడు. మూడోసారి ఏమీ అనలేక పెట్టేశాడు. మూడోదే ఎక్కువ బాధపెట్టింది.

జూన్ 27, శుక్రవారం

షీల్డు ఇంకో జిల్లాకు వెళ్లింది. తొమ్మిది నిమిషాల నలభై అట. వాళ్ల బటన్ మీద ఏముందో అడగాలనిపించింది.

నాకు మెమో వచ్చింది. పోస్టు మాట గాలికి పోయింది. మూడు నెలలు రిపోర్టుల పనికి దూరంగా, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వచ్చే కాల్స్ తీసుకోవాలి. జలాలుద్దీన్ బండి జలాలుద్దీన్‌దే. మధ్యాహ్నం వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"నా కోసం మీరు గిట్ల చెయ్యొద్దుండె సార్."

"నీ కోసం కాదు జలాల్ భాయ్. లెక్క తప్పింది, దిద్దిన."

ఈసారి కూర్చోమంటే కూర్చున్నాడు.

బటన్ కూడా మారింది. డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి, వాళ్లతోనే చెప్పించి రాయించారు: "పేషెంటు కాడున్న". ముత్యం చూసి "గిప్పుడు సమజైంది సార్, ముందుగాలనే గిట్ల పెట్టొచ్చు కద" అన్నాడు. కొట్టలేదు.

జులై 1

హెడ్‌ఫోన్‌తో మొదటి రోజు. చెవులు మండుతున్నాయి.

పదకొండింటికి రామగిరి వైపు నుంచి ఒక అమ్మాయి. తండ్రికి ఊపిరి ఆడటం లేదు. జలాలుద్దీన్ బండిని పంపాను, ఉన్నవాటిలో అదే దగ్గర. రెండు నిమిషాలకు మళ్లీ అదే నంబరు.

"అన్నా, బండి యాడిదాక వచ్చింది?"

తెర మీద చూస్తే బండి ఇంకా గోదావరిఖనిలోనే ఉంది, బొగ్గు లారీల వెనక. వచ్చింది చెల్లె, వచ్చింది అనడం నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే ఆమెకూ కాస్త ధైర్యం, నాకూ కాస్త తీరిక. తొమ్మిదేళ్లలో అంకెలకు జవాబు చెప్పాను కానీ, ఎదురుచూసే మనిషికి ఎప్పుడూ చెప్పలేదు.

"ఇంకా రాలే చెల్లె. పద్నాలుగు నిమిషాలు పడతది."

ఆమె వెనక ఆ పెద్దమనిషి ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. తిట్టు కోసం ఎదురుచూశాను.

"గట్లైతె నువ్వు ఫోన్ పెట్టకన్నా" అంది.

పెట్టలేదు. ఆయన్ని కూర్చోబెట్టమన్నాను, చొక్కా గుండీలు తీయమన్నాను, కిటికీలు తెరవమన్నాను. చెప్పాల్సినవి అయిపోయాక ఆయన ఊపిరి లెక్కపెట్టమన్నాను, ఆమె పైకి లెక్కపెడుతుంటే నేనూ లెక్కపెట్టాను. రెండుసార్లు ఆమె గొంతు ఆగింది, రెండుసార్లూ నేను అందుకున్నాను. పదిహేనో నిమిషంలో అటు తలుపు చప్పుడైంది, స్ట్రెచర్ చక్రాలు గడప దాటాయి, "చెయ్యి ఇయ్యి కాకా" అని జలాల్ భాయ్ గొంతు వినిపించింది. అప్పుడు ఫోన్ పెట్టాను.